నాలుగు మిల్లీలీటర్లు

పీణ్యా రెండో స్టేజీలో, టీ అంగడి వెనక
జబీవుల్లా లేతు మీదకి వంగి
సూదికి బెజ్జం పెట్టాడు.
వెంట్రుక పట్టేదానికంటే కాస్త ఎక్కువ.
"ఇందులోంచి మన్నుకు ఇంజెక్షనా?" అని నవ్వి
చేతులు తుడుచుకున్న గుడ్డలోనే చుట్టి ఇచ్చాడు.

ఎనిమిది సూదులు, ఒక ట్యాంకు, పాత టిల్లరు చక్రాలు,
దారి చెప్పే పెట్టె ఒకటి,
పగిలిన దాని మూలకి నేను అంటించిన పసుపు టేపు.
టెంపోలో వేసుకుని తెల్లారకముందే హొసకోటె దాటాం.

నందగుడి పక్కన ఎకరంన్నర టమాట.
ఓబులమ్మ గట్టు మీద నిలబడి మా యంత్రాన్ని
సంతకొచ్చిన దూడని చూసినట్టు చూసింది,
ముందు కాళ్ళు, తర్వాత పళ్ళు.
ఏమీ అనకుండా
వాడిన మొక్క ఒకటి పీకి నా చేతిలో పెట్టింది.
వేళ్ళ నిండా బుడిపెలు.
కంటికి ఆనని నులిపురుగు
కట్టుకున్న వాడలు.
"ఎన్ని నీళ్ళు పెట్టినా పైకి రావు.
లోపలే ఎవురో తాగేస్తాండారు."

వారం కిందట ఇదే మడిలో
నాలుగడుగులకోసారి మట్టి తీసి సంచుల్లో కట్టాను,
నూట నలభై సంచులు.
ల్యాబులో మందాకిని కళ్ళు ఎర్రబడేదాకా
భూతద్దం కింద పురుగుల్ని లెక్కపెట్టింది.
ఆ లెక్కలే ఇప్పుడు పెట్టెలో ఎర్రమచ్చలు.
పదకొండు.
మిగతాదంతా ఉత్త నేల.

యంత్రం కదిలింది.
ఉత్త నేల మీద నోరెత్తదు.
మచ్చ వచ్చిన చోట టిక్కుమని సూది దిగుతుంది,
జానెడు లోతు,
నాలుగు మిల్లీలీటర్లు,
టిక్కుమని లేస్తుంది.
మూడో సాలులో రాయి తగిలి ఒకటి వంగింది.
ఏడింటితో సాగాం.

"మిగిలిన మన్నుకు?"
"ఏమీ లేదమ్మా."
"ఏమీనా?"
"ఏమీ."
ఆమె నడక ఆగింది.

కాసేపటికి చెప్పింది,
నాకు కాదు, టిల్లరుకు చెప్పినట్టు.
వాళ్ళాయన బక్కెట్టులో గుళికలు పోసుకుని
వట్టి చేత్తో చల్లేవాడట,
మూలమూలకీ, గట్టు దాకా,
పెళ్ళిలో అక్షింతలంత ధారాళంగా.
రాత్రి అన్నం కలిపితే ఆ వాసన.
మూడుసార్లు సోపు రుద్దినా గోళ్ళ కింద ఆ వాసన.
బిడ్డకి ముద్దలు పెట్టడం మానేసి
సంతలో చెంచా కొనుక్కొచ్చాడట.
"చెంచా ఇంకా ఉంది," అంది.
అంతే.
ఆయన సంగతి నేను అడగలేదు.

తొమ్మిదో మచ్చ దగ్గర
చీర చెంగు దోపి యంత్రానికి అడ్డమొచ్చింది.
"ఈడ వద్దు. పోయినేడు ఈడ బంతి పెట్టినా."
పెట్టె మాత్రం ఎర్రగా వెలుగుతోంది.
నేను పెట్టెనే నమ్మాను, ఒక నిమిషం పాటు.
ఆమె కూర్చుని, వేళ్ళతో తవ్వి, మొక్క ఎత్తింది.
తెల్లటి వేళ్ళు. ఒక్క బుడిపె లేదు.

ఫోనులో సంచుల ఫొటోలు వెతికాను.
ఎండలో, చెమట చేత్తో రాసింది నేనే.
తొంభై ఏడు రాయాల్సిన చోట డెబ్బై తొమ్మిది.
మందాకిని లెక్క తప్పలేదు, సూదీ తప్పలేదు.
అసలు మచ్చ పద్దెనిమిది సంచుల అవతల,
నీటి పైపు పక్కన వాడిపోతూ ఉంది.
ఓబులమ్మ నవ్వలేదు, తిట్టలేదు.
"నీది కూడా చెయ్యే కదా," అంది.

సాయంత్రం పీణ్యాలో కరెంటు లేదు.
జబీవుల్లా వంగిన సూదిని వీధి వెలుగులో పట్టి
అరచేతిలో తట్టాడు. చిటికెడు ఎర్రమన్ను రాలింది.
ముక్కు దగ్గర పెట్టుకుని,
"మందు వాసనే లేదే. పని చేసిందా అసలు?"
"ముందు చేతులు కడుక్కో," అన్నాను.
అంగడి ముందు డ్రమ్ములో మగ్గు ముంచి
ఒక్కసారి కడుక్కున్నాడు.
మళ్ళీ వాసన చూసుకుని
టీలోకి బన్ను తుంచాడు.